ముల్లు నిలవని కాటా

పగలంతా మిర్చి యార్డులో నేను రాసేది బరువులు.
మా వరసలో ఇంకా ముల్లు కాటాయే.
టిక్కీ మీద పడగానే ముల్లు ఇటూ అటూ ఊగుతుంది,
ఊగడం ఆగాకే అంకె వేయాలి.
అప్పటిదాకా రైతు ఊపిరి బిగబట్టి నిలబడతాడు,
నేను కలం ఎత్తి పట్టుకుని ఉంటాను.

చంద్రుడూ అలాగే ఊగుతాడట.
లిబ్రేషన్ అంటారు. లాటిన్‌లో త్రాసు అన్న మాట నుంచి వచ్చిందట.
ఎప్పుడూ ఒకే ముఖం చూపిస్తాడంటారు గాని
నెలకోసారి షేవింగుకి కూర్చున్నవాడిలా గడ్డం ఎత్తుతాడు,
ఆరున్నర డిగ్రీలు. అంతే.
ఆ గడ్డం కింద ఉంది నాకు కావలసిన దక్షిణ ధ్రువం.

పంచాంగంలో తిథి ఉంటుంది, వర్జ్యం ఉంటుంది,
గడ్డం సంగతి ఉండదు.
అందుకని పాత తక్‌పట్టీల వెనక గళ్లు గీశాను:
తేదీ, గంట, ఆకాశంలో ఎత్తు, గడ్డం ఎంత లేచింది,
అక్కడి కొండల మీద ఎండ ఏ వైపు నుంచి.
ఆరు నెలలకి లెక్క తేలినవి నాలుగు రాత్రులు.
మొదటిది మా మరిది నిశ్చితార్థం నాడే పడింది.
వెళ్లలేదు.
ఆ రాత్రి మబ్బు.

దారి కూడా రాసుకున్నాను.
టైకో మన లాడ్జి సెంటర్ లాంటిది, ఎటు పోవాలన్నా అక్కడే దిగాలి.
అక్కణ్ణించి క్లేవియస్, దాన్ని దాటితే మోరెటస్.
మోరెటస్ తర్వాత చిరునామాలు నలిగిపోతాయి,
గోతులన్నీ పక్కకి తిరిగి పళ్లేల అంచుల్లా మిగులుతాయి,
ఏది ఎవరి గోడో తెలియదు.
పైగా నా అద్దంలో దక్షిణం పైకొస్తుంది,
పటం తిరగేసి పట్టుకోవాలి.

ఏటుకూరు రోడ్డులో మా డాబా రాత్రి పదకొండుకి కూడా పెనమే.
స్లాబు వదిలే వేడికి చంద్రుడు
మరిగే ఎసట్లో బియ్యపు గింజలా కదులుతాడు.
సాయంత్రం ఆరు బిందెలు కుమ్మరించాలి. అదీ గళ్లలో రాశాను.
కళ్లజోడు తుడిచే గుడ్డ యార్డు నుంచి తేకూడదు.
రెండో రాత్రి తెచ్చాను.
కారం పడ్డ కంటికి చంద్రుడే లేడు, ధ్రువమెక్కడ.

గొట్టం మోసేది బాజీ.
రోజుకి రెండొందల టిక్కీలెత్తే భుజం.
"ఇదేంటి సువార్తక్కా, దూది మూటలాగుంది" అంటాడు,
అంటూనే గోడకి ఒక్క దెబ్బ తగలకుండా మెట్లెక్కిస్తాడు.

మూడోది. త్రయోదశి. పన్నెండూ పావు.
గాలి ఆగింది. ఎసరు దిగింది.
ఒక్కసారి అంతా నిలిచింది, ముల్లు నిలిచినట్టు.
మోరెటస్ అవతల, అంచు మీద, తెల్లటి పన్ను ఒకటి:
మలపెర్ట్ కొండ.
దాని వెనక నలుపు.
ఆ నలుపు కోసమే ఇన్ని గళ్లు.

బాజీ కన్ను పెట్టి చాలాసేపు పలకలేదు.
"అంచంతా గోనెసంచి కుట్టులా ఉందక్కా."
చెప్పాను, అక్కడి గోతుల్లోకి ఎండ ఏనాడూ దిగలేదని,
అడుగున మంచు ఉండొచ్చని.
"అయితే కోల్డ్ స్టోరేజీయే.
ఇన్నాళ్లూ విడిపించుకోలేదంటే సరుకు ఎవరిదో?
అద్దె ఎంతయ్యుంటుందో?"

పదకొండు నిమిషాలు. మళ్లీ ఎసరు మరిగింది.

రాశాను: పన్ను కనిపించింది. పక్కన ఇంకోటి, అనుమానం.
వచ్చే నెల గడ్డం లేచే నాటికి వెలుగు రెండు రోజులు తక్కువ,
ఆ పై నెల ఇంకో రెండు.
రెండు ఊపులు, ఒకదానికోసం ఒకటి ఆగవు.
అంకె పడ్డాక కలం దించడం నా ఉద్యోగం.
ఇంకా ఎత్తే ఉంది.
తెల్లారితే గేటు దాకా లారీలు, మార్చి నెల.
బాజీ అప్పటికే మెట్లు దిగుతున్నాడు,
మలుపులో గొట్టాన్ని భుజం మార్చుకుంటూ.